చిన్న ఇంజిన్ల పెద్ద పంచాయితీ

1949 జూన్ 19, ఆదివారం. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో షార్లెట్ నగర శివారున ముప్పావు మైలు మట్టి ట్రాకు చుట్టూ వేలమంది జనం. ట్రాకు మీద 33 కార్లు. హడ్సన్, బ్యూయిక్, లింకన్, ఫోర్డ్, అన్నీ షోరూమ్‌లో అమ్మే కార్లే. పందెం పెట్టిన బిల్ ఫ్రాన్స్ షరతు కూడా అదే. కంపెనీ నుంచి కారు ఎలా వచ్చిందో అలాగే బరిలోకి దిగాలి. ఆ తరగతికి ఆయన పెట్టిన పేరు ‘స్ట్రిక్ట్లీ స్టాక్’. 200 చుట్లు, 150 మైళ్లు, మొదటి బహుమతి 2,000 డాలర్లు. గ్లెన్ డనవే అనే డ్రైవర్ 1947 ఫోర్డ్ కారులో వచ్చి, వెనకవాడికి అందనంత దూరంలో అందరికన్నా ముందు గీత దాటాడు.

ఆ తర్వాత కారు తనిఖీకి వెళ్లింది. వెనక స్ప్రింగులు కంపెనీ అమర్చినట్టు లేవు. ఎడంగా జరిపి గట్టిపరిచారు. ఆ ప్రాంతంలో ఆ పని ఎవరు చేస్తారో, ఎందుకు చేస్తారో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దొంగసారా రవాణా చేసేవాళ్లు డిక్కీ నిండా సరుకు ఎత్తినా బండి వెనక కుంగకుండా, పోలీసులకు అనుమానం రాకుండా స్ప్రింగులను అలా బిగించేవారు. అదే బిగింపు మట్టి మలుపుల్లో కారును నిలకడగా ఉంచుతుంది. తనిఖీ అధికారి అల్ క్రిస్లర్ కారు చెల్లదన్నాడు. రెండో స్థానంలో వచ్చిన కాన్సస్ రాష్ట్రపు డ్రైవర్ జిమ్ రోపర్‌ను, అతని లింకన్ కారును విజేతగా ప్రకటించారు. డనవే నడిపిన కారు యజమాని హ్యూబర్ట్ వెస్ట్‌మోర్‌లాండ్ ఊరుకోలేదు. 10,000 డాలర్ల పరిహారం కోరుతూ కోర్టుకెక్కాడు. పందెం పెట్టినవాళ్లకు తమ నిబంధనలు అమలుచేసే హక్కు ఉందని కోర్టు ఆ దావా కొట్టేసింది. బిల్ ఫ్రాన్స్ స్థాపించిన నాస్కార్ సంస్థ పుట్టి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. ఇవాళ అది నడిపే పెద్ద కార్ల పందేలన్నిటికీ మూలం ఆ మొదటి పందెం. అంటే ఆ చరిత్రలో మొట్టమొదటి ఫలితమే ట్రాకు మీద తేలలేదు, తనిఖీ షెడ్డులో తేలింది.

ఆ షెడ్డు పంచాయితీ అమెరికాలో ఇప్పటికీ వారం వారం నడుస్తూనే ఉంది. మైలు లోపు పొడవుండే ట్రాకులను అక్కడ షార్ట్ ట్రాకులంటారు. చాలావాటి పొడవు పావు మైలు, అర మైలు. వారమంతా వెల్డింగ్ షాపులోనో, లారీ మీదో, పొలంలోనో పనిచేసేవాళ్లు శనివారం రాత్రి తమ కారు తామే ట్రెయిలర్ మీద ఎక్కించుకుని అక్కడికి వస్తారు. వాళ్లలో అడుగు మెట్టున ఉండేది నాలుగు సిలిండర్ల తరగతి. పందెంలోకి రావాలనుకునే కుర్రవాడికి, చేతిలో పెద్దగా డబ్బు లేనివాడికి అదే గుమ్మం. ఆ తరగతికి రూలు రాయడం అన్నిటికన్నా కష్టం. పై తరగతుల్లో రూలు కొంచెం అటూ ఇటూ అయినా స్పాన్సర్ డబ్బు సర్దుతుంది. ఇక్కడ ఒక్క వాక్యం తప్పుగా పడితే పదిమంది ఇంటికి వెళ్లిపోతారు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ అమెరికా పందేలకు కొత్తదేమీ కాదు. ఆ దేశంలో సామాన్యుడు నడిపిన మొదటి పందెపు కారే అది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి బండిని రైతులు, మెకానిక్కులు తామే విప్పి, బాడీ తీసేసి, ఊరి సంతల్లో గుర్రపు పందేల ట్రాకుల మీద పరుగెత్తించారు. ఆ ఇంజిన్‌కు మెరుగైన సిలిండర్ హెడ్డు తయారుచేసి అమ్మినవాళ్లు ఎవరో కాదు, లూయీ షెవ్రొలే, ఆయన తమ్ముడు ఆర్థర్. తమ పేరు మీదున్న కంపెనీకి ప్రత్యర్థి అయిన ఫోర్డ్ ఇంజిన్‌కు వాళ్లు ‘ఫ్రాంటెనాక్’ పేరుతో హెడ్డులు అమ్మారు. 1923 ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలో ‘ఫ్రాంటీ ఫోర్డ్’ కారుతో ఎల్.ఎల్. కోరమ్ ఐదో స్థానంలో నిలిచాడు. ఊళ్లో తిరిగే బండి ఇంజిన్‌తో, కోటీశ్వరుల కార్ల మధ్య. ఆ ఫలితం చూసి దేశమంతటా ఎన్ని షెడ్లలో పాత టి మోడళ్లు విప్పి ఉంటారో ఊహించుకోవచ్చు.

చిన్న ఇంజిన్ల ఖర్చు మీద తగాదా 1930ల్లో వచ్చింది. మాంద్యం రోజులు. 1933లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో హ్యూస్ స్టేడియంలో మిడ్జెట్ కార్ల పందేలు మొదలయ్యాయి. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పట్టేంత చిన్న కార్లవి. మొదట్లో పడవ మోటార్లు, మోటార్‌సైకిల్ ఇంజిన్లు, ఏది దొరికితే అది బిగించారు. చవగ్గా ఉండటమే ఆ ఆటకు ప్రాణం. మరుసటి ఏడాదే లాస్ ఏంజలస్‌లో ఫ్రెడ్ ఆఫెన్‌హౌజర్ వర్క్‌షాపు నుంచి 97 ఘనపు అంగుళాల నాలుగు సిలిండర్ల ఇంజిన్ వచ్చింది. మన లెక్కలో సుమారు 1,600 సీసీ. లియో గూసెన్ గీసిన ఆ డిజైన్ అద్భుతం. దాని పెద్దన్న ఇంజిన్ 1947 నుంచి 1964 దాకా ఇండియానాపొలిస్‌లో ఒక్క ఏడాది కూడా వదలకుండా గెలిచింది. అయితే మిడ్జెట్ ట్రాకుల్లో ఆ ‘ఆఫీ’ రాకతో పడవ మోటారు బిగించుకున్నవాడి కథ ముగిసింది. డబ్బున్నవాడు ఆఫీ కొన్నాడు, గెలిచాడు. లేనివాడు చివరి వరుసలో మిగిలాడు.

నిర్వాహకులు అప్పుడు రకరకాల మార్గాలు వెతికారు. కొన్నిచోట్ల ఆఫీలు లేని పందేలు వేరే పెట్టారు. 1937లో ఫోర్డ్ 60 గుర్రాల శక్తి గల చిన్న వి-8 తెచ్చింది. దాని ఘనపరిమాణం 136 అంగుళాలు. ఆఫీ కన్నా పెద్దది, పాతకాలపు కవాటాల అమరికతో బలహీనమైనది. చవకైన ఇంజిన్‌కు ఎక్కువ పరిమాణం, ఖరీదైన దానికి తక్కువ పరిమాణం అనే సర్దుబాటుతో రెండిటినీ ఒకే బరిలోకి దించారు. ఇవాళ కొత్త నాలుగు సిలిండర్ల తరగతి పెట్టాలనుకునేవాళ్లు ‘సమానత్వం’ అంటూ గంటలకొద్దీ వాదించే విషయం సరిగ్గా ఇదే. ఎనభై ఏళ్ల కిందటే ఆ లెక్క వేశారు. లెక్కకు దొరకని దారి కూడా అప్పుడే బయటపడింది. 1950లో విక్ ఎడెల్‌బ్రాక్ తన ఫోర్డ్ వి-8 మిడ్జెట్‌లో ఇంధనంలో నైట్రోమీథేన్ అనే రసాయనం కలిపాడు. రాడ్జర్ వార్డ్ దాన్ని గిల్‌మోర్ స్టేడియంలో నడిపి ఆఫీలన్నిటినీ ఓడించాడు. ఇంజిన్ కొలతల మీద అన్ని రూల్స్ రాసినవాళ్లు ట్యాంకులో ఏం పోస్తారో అడగలేదు.

1970 సెప్టెంబర్‌లో ఒక్క రోజు తేడాతో రెండు చిన్న కార్లు అమెరికా బజారులోకి వచ్చాయి. షెవ్రొలే వేగా, ఫోర్డ్ పింటో. జపాన్, జర్మనీ చిన్న కార్ల పోటీ తట్టుకోవడానికి తెచ్చినవి. పింటో ధర 2,000 డాలర్ల లోపే. మూడేళ్లకు, 1973 అక్టోబర్‌లో, అరబ్ దేశాలు చమురు నిలిపేశాయి. పెట్రోలు బంకుల దగ్గర మైళ్ల కొద్దీ వరుసలు. 1974 డేటోనా 500 పందేన్ని ఇంధనం ఆదా కోసం 450 మైళ్లకు కుదించారు. ఆ రోజుల్లో ఏడు లీటర్ల వి-8 ఇంజిన్లతో పందేలు ఆడటం జనానికి తప్పుగా కనిపించడం మొదలైంది. ఊరి ట్రాకులకు కూడా కొత్త ఆలోచన కావలసి వచ్చింది. పాత సామాను దుకాణాలకు వేగాలు, పింటోలు చేరడం కూడా అప్పుడే మొదలైంది. అలా పుట్టిందే ‘మినీ స్టాక్’ తరగతి.

వేగా ఇంజిన్ అల్యూమినియం దిమ్మె, సిలిండర్లలో ఇనుప తొడుగు లేదు. వేడెక్కితే వంగిపోయేది. పింటోది మాత్రం మరో కథ. 1974 మోడల్ నుంచి దానికి ఒహైయో రాష్ట్రంలోని లైమా కర్మాగారంలో తయారైన 2,300 సీసీ ఇంజిన్ వచ్చింది. ఇనుప దిమ్మె, ఇనుప హెడ్డు, మొండి ఇంజిన్. అది పింటోతో ఆగలేదు. మస్టాంగ్‌లో, రేంజర్ పికప్ వ్యాన్లలో 1990ల చివరి దాకా సాగింది. ఇరవై ఏళ్లకు పైగా ఒకే కుటుంబానికి చెందిన ఇంజిన్ లక్షల సంఖ్యలో పాత సామాను దుకాణాల్లో దొరకడం పందెపు లోకానికి దక్కిన వరం. నాలుగు సిలిండర్ల తరగతి ఇన్నాళ్లు నిలబడటానికి ఏ రూల్ బుక్కు కన్నా ఆ లైమా కర్మాగారమే ఎక్కువ కారణం. కాలిఫోర్నియాలోని ఎస్లింగర్ లాంటి సంస్థలు దానికి అల్యూమినియం హెడ్డులు, పందెపు విడిభాగాలు తయారుచేశాయి. ఊరి మెకానిక్కు చేతిలోని ఇంజిన్ చివరికి మిడ్జెట్ కార్లలోకి కూడా వెళ్లింది. చవక కోసం ఎంచుకున్న ఇంజిన్‌కు ఖరీదైన భాగాలు రావడం అక్కడే మొదలైంది.

ఈ కథలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు నాస్కార్ డ్యాష్ సిరీస్. 1970ల నడుమ ఆగ్నేయ రాష్ట్రాల్లో పింటోలు, వేగాలతో ‘బేబీ గ్రాండ్’ పేరుతో అది మొదలైంది. నాస్కార్ పెద్ద తరగతి పేరు అప్పట్లో గ్రాండ్ నేషనల్ కాబట్టి ఇది దాని పసిబిడ్డ. చిన్న కారు, చిన్న ఇంజిన్, చిన్న ఖర్చు. కొత్త డ్రైవర్లకు మంచి బడి అయింది. 1983లో ఆ సిరీస్ గెలిచిన మైకేల్ వాల్ట్రిప్ తర్వాత డేటోనా 500ను రెండుసార్లు గెలిచాడు. విన్‌స్టన్-సేలమ్‌లో పుట్టిన గూడీస్ తలనొప్పి పొడి కంపెనీ 1990ల్లో స్పాన్సర్ అయింది.

ఆ సిరీస్ పెరిగిన తీరే దాని ముగింపును కూడా నిర్ణయించింది. కంపెనీలు ఆసక్తి చూపాయి. పాంటియాక్ తన నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు ‘సూపర్ డ్యూటీ’ పేరుతో పందెపు భాగాలు దుకాణంలోనే అమ్మింది. రోడ్డు మీది కారు బాడీ పోయి, ప్రత్యేకంగా గొట్టాలతో కట్టిన చట్రాలు వచ్చాయి. పావు మైలు ట్రాకుల కోసం పుట్టిన కార్లు రెండున్నర మైళ్ల డేటోనా మహా ట్రాకు మీదకు వెళ్లాయి. అంత చిన్న కార్లకు ఆ వేగం భారమైంది. 1993లో జో బూహర్ అనే డ్రైవర్ అక్కడి డ్యాష్ పందెంలో ప్రాణం కోల్పోయాడు. 1990ల చివరికి వి-6 ఇంజిన్లను కూడా అనుమతించారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్లకు పెడుతున్న ఖర్చు చూస్తే వి-6 పెద్ద తేడా కాదన్నది అప్పటి వాదన. ఆ మాటలోనే విషాదం ఉంది. చవకైన ఇంజిన్, ఖరీదైన ఇంజిన్ ఒకే ధరకు వచ్చేదాకా రూల్ బుక్కు చూస్తూ ఊరుకుంది. 2003లో రాబర్ట్ హఫ్‌మన్ సెలికా కారుతో సిరీస్ గెలిచి టయోటాకు నాస్కార్‌లో మొదటి ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు. ఆ సీజన్ తర్వాత నాస్కార్ ఆ సిరీస్‌ను వదిలేసింది. ఇతరులు కొన్నాళ్లు నడిపారు కానీ పూర్వ వైభవం రాలేదు.

డ్యాష్ పైకి పోతున్న రోజుల్లోనే కింద ఊరి ట్రాకుల్లో మరో మార్పు జరిగింది. పింటోలు అయిపోయాయి. అమెరికాలో అమ్మే చిన్న కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో లాగే కార్లయ్యాయి. షెవ్రొలే కావలియర్, డాడ్జ్ నియాన్, ఫోర్డ్ ఫోకస్, హోండా సివిక్. వీటి కోసం ‘హార్నెట్’ లాంటి పేర్లతో కొత్త తరగతులు వచ్చాయి. అద్దాలు తీసి, లోపల ఇనుప పంజరం కట్టి, సీటు బెల్టు బిగిస్తే చాలు, పందెపు కారు సిద్ధం. కుటుంబం మొత్తం ఒక వేసవి సెలవుల్లో చేసుకునే పని.

ఇక్కడే అసలు చిక్కు. ‘నాలుగు సిలిండర్లు’ అని రాస్తే రూలు రాసినట్టు కాదు. 1979 మస్టాంగ్‌లోని 2,300 సీసీ ఇంజిన్ శక్తి దాదాపు 88 గుర్రాలు. 1994 నాటి హోండా వారి అక్యురా ఇంటిగ్రా జిఎస్-ఆర్‌లో 1,800 సీసీ ఇంజిన్ శక్తి 170 గుర్రాలు. చిన్న ఇంజిన్‌కు దాదాపు రెట్టింపు శక్తి. నియాన్‌లో కూడా రెండు రకాలున్నాయి, ఒక క్యామ్‌షాఫ్ట్‌తో 132, రెండు క్యామ్‌షాఫ్ట్‌లతో 150. కాబట్టి సీసీ లెక్కన రాస్తే హోండాలు గెలుస్తాయి. శక్తి లెక్కన రాస్తే, ఆ శక్తి అంకె కంపెనీ కాగితం మీదిదా, ఈ పాత ఇంజిన్‌ది ఇప్పుడున్నదా అన్న ప్రశ్న వస్తుంది. హోండాలను నిషేధిస్తే పదిహేను కార్ల బరిలో ఐదు తగ్గుతాయి. ఐదు కార్లు తగ్గితే నిర్వాహకుడు ఆ తరగతినే ఎత్తేస్తాడు.

అందుకే చాలామంది బరువు మార్గం పట్టారు. గుర్రాలు ఎక్కువుంటే పౌండ్లు ఎక్కువ. సీసపు దిమ్మెలు బిగించు, తూకం మీద నిలబెట్టు. వారం వారం గెలిచేవాడికి మరికొన్ని పౌండ్లు తగిలించడం కూడా ఉంది. ఈ పద్ధతిలో ఒక మంచి గుణం ఉంది. తప్పు చేస్తే వచ్చే శనివారానికే సరిచేసుకోవచ్చు, ఎవరూ కొత్త ఇంజిన్ కొననక్కర్లేదు. చెడు గుణం కూడా ఒకటుంది. బరువు పడకుండా ఉండటానికి నేర్పరి డ్రైవర్లు అవసరమైనంత మాత్రమే గెలుస్తారు, మిగతా రోజుల్లో కావాలని వెనకబడతారు. దాన్ని పట్టుకునే తూకం ఇంతవరకూ ఎవరూ తయారుచేయలేదు.

తనిఖీ చేసేవాడి పని మరీ కష్టం. ఇంజిన్ విప్పకుండా లోపల ఏముందో కనిపెట్టాలి. ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇంజిన్ ఎంత శూన్యం లాగుతుందో గేజీతో కొలుస్తారు. దూకుడు క్యామ్‌షాఫ్ట్ వేస్తే ఆ అంకె పడిపోతుంది. కవాటం ఎంత ఎత్తు లేస్తుందో డయల్ గేజీతో చూస్తారు. కంప్రెషన్ కొలుస్తారు. కార్బురేటర్ గొంతులోకి కొలత కడ్డీ దింపుతారు. టైరు రబ్బరు మెత్తదనాన్ని సూదిగల పరికరంతో చూస్తారు, ఎందుకంటే రసాయనాల్లో నానబెట్టిన టైరు కూడా చుట్టు సమయం తగ్గిస్తుంది. ఇంకా అనుమానముంటే ఫిర్యాదు డబ్బు. ఫిర్యాదు చేసేవాడు రుసుం కట్టాలి, ఇంజిన్ విప్పుతారు. మోసం తేలితే డబ్బు వెనక్కి. తేలకపోతే ఆ డబ్బులో వాటా ఇంజిన్ విప్పించుకున్నవాడికి, అతను కొత్త గాస్కెట్లు కొనుక్కోవాలి కదా. అనుమానానికి ధర పెట్టడం న్యాయమైన ఏర్పాటు.

తనిఖీ మీద నమ్మకం లేనివాళ్లు మరో దారి కనిపెట్టారు. గుర్రపు పందేల్లో ఎప్పటినుంచో ఉన్న ఆచారం నుంచి తెచ్చుకున్న దారి అది. అక్కడ కొన్ని పందేల్లో దిగే ప్రతి గుర్రానికీ ముందే ధర కట్టేస్తారు, ఆ ధరకు ఎవరైనా కొనుక్కోవచ్చు. లక్ష విలువైన గుర్రాన్ని పదివేల పందెంలో దించితే పదివేలకే పోతుంది. అయోవా రాష్ట్రంలోని వింటన్ అనే చిన్న ఊళ్లో ‘హాకై రేసింగ్ న్యూస్’ పత్రిక నడిపే కీత్ నాక్, 1915 నాటి ఐఎమ్‌సీఏ పందేల సంస్థ పేరు తీసుకుని 1979లో కొత్త ‘మాడిఫైడ్’ తరగతి మొదలుపెట్టినప్పుడు ఈ సూత్రాన్నే ఇంజిన్లకు పెట్టాడు. ఓడినవాడు కొన్ని వందల డాలర్లు చూపించి గెలిచినవాడి ఇంజిన్ అడిగే వీలుండేది. ఇవ్వనంటే విజయం పోయేది, పాయింట్లు పోయేవి. అవి వి-8 కార్లు. కానీ ఈ ఆలోచన నాలుగు సిలిండర్ల తరగతులకు ఇంకా బాగా కుదిరింది. కొన్ని ట్రాకుల్లో ఇంజిన్ ఒక్కటే కాదు, కారు మొత్తాన్నీ నిర్ణీత ధరకు అడగవచ్చు.

ఈ రూలుకున్న గొప్పతనం ఏమిటంటే దానికి ఇన్‌స్పెక్టర్ అక్కర్లేదు. ఎవరు ఎన్ని వేలు పోశారో ఎవరూ కొలవనక్కర్లేదు. పోసినవాడు భయపడితే చాలు. వింటన్ తరగతి దేశమంతటా పాకడానికి కారణాల్లో ఇదొకటి. దీనికి లోపాలు లేకపోలేదు. కక్ష తీర్చుకోవడానికి ఇంజిన్ అడిగేవాళ్లున్నారు. ముందే మాట్లాడుకున్న స్నేహితులు ఒకరి ఇంజిన్ ఒకరు అడిగి, మూడోవాడికి అవకాశం లేకుండా చేసే ఎత్తులున్నాయి. అడిగినవాడితో ఆ తర్వాత ఏడాదంతా ఎవరూ మాట్లాడని ఊళ్లూ ఉన్నాయి. అయినా ఇన్నేళ్ల చరిత్రలో డబ్బు పోటీని నేరుగా దెబ్బకొట్టిన రూలు ఇదొక్కటే.

మూడో దారి ఇంజిన్‌కు సీలు వేయడం. 1992లో షార్లెట్ మోటార్ స్పీడ్‌వే అధిపతి హంపీ వీలర్, డ్రైవర్ ఎలియట్ ఫోర్బ్స్-రాబిన్సన్ ‘లెజెండ్స్’ కార్లు ప్రవేశపెట్టారు. 1930, 40ల నాటి కార్లను ఎనిమిదింట ఐదు వంతులకు కుదించిన బుల్లి బాడీలు. లోపల యమహా మోటార్‌సైకిల్ నాలుగు సిలిండర్ల ఇంజిన్, 1,200 సీసీ. అందరికీ ఒకే ఇంజిన్, ఒకే చట్రం, ఒకే టైరు, ఒకే కంపెనీ. నాలుగు సిలిండర్ల షార్ట్ ట్రాకు సిరీస్ సున్నా నుంచి కట్టడం ఎలాగో చూపించిన ఉదాహరణ అది. కైల్ బుష్, జోయీ లొగానో లాంటివాళ్లు చిన్ననాట ఆ కార్లలోనే ఓనమాలు నేర్చుకున్నారు. కొన్నేళ్లకు యమహా ఆ ఇంజిన్ ఆపేయడంతో మూడు సిలిండర్ల ఇంజిన్‌ను కూడా చేర్చుకోవలసి వచ్చింది. సీలు మోసాన్ని ఆపగలదు, కర్మాగారం మూతపడటాన్ని ఆపలేదు. పైగా పాత సామాను దుకాణం నుంచి తెచ్చుకునే స్వేచ్ఛ ఉండదు, భాగం పాడైతే ఒక్క చోటే కొనాలి. తండ్రీకొడుకులు షెడ్డులో కూచుని తమ బుర్రతో ఒక పదోవంతు సెకను సంపాదించుకునే ఆనందం చాలావరకు పోతుంది. ఆ ఆనందం కోసమే చాలామంది ఈ ఆటలోకి వస్తారు.

ఇవాళ అమెరికాలో ఎక్కడైనా ఐదారుగురు ట్రాకు యజమానులు కూచుని కొత్త నాలుగు సిలిండర్ల సిరీస్ పెడదామనుకుంటే, వాళ్ల ముందున్నది ఈ చరిత్ర మొత్తం. ఏ ట్రాకుకు ఆ ట్రాకు రూలు ఉంది. ఒకచోట కార్బురేటర్ పింటోలు, మరోచోట ఇంజెక్షన్ నియాన్లు, ఇంకోచోట హోండాలు నిషేధం. నలభై మైళ్ల దూరంలోని రెండు ట్రాకుల్లో ఒకే కారు చెల్లదు. ఊరూరా తిరిగే సిరీస్ పెట్టాలంటే ముందు ఈ రూల్స్ అన్నీ కలపాలి. కలిపే ప్రతిసారీ ఎవరో ఒకరు కొత్త భాగం కొనాలి. ఆ ఒకరు ఎవరన్నదే మీటింగుల్లో గొంతులు లేవడానికి అసలు కారణం. మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది గెలిచేవాళ్లే. పన్నెండో స్థానంలో వచ్చేవాడు పొద్దున్నే పనికి పోవాలి కాబట్టి మీటింగుకు రాడు. రూలు మాత్రం అతని కోసమే రాయాలి. బరిని నింపేది అతనే, టికెట్ కొనే బంధువులను వెంటబెట్టుకొచ్చేది అతనే.

చరిత్ర చూసి చెప్పదగిన తీర్పు ఇది. మోసం పట్టుకోవడం మీద ఆధారపడిన రూలు ప్రతిసారీ ఒక అడుగు వెనకే ఉంటుంది. 1949లో స్ప్రింగులు, 1950లో నైట్రోమీథేన్, ఇప్పుడు ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ప్రోగ్రాములు. ఖర్చును నిరర్థకం చేసే రూలు నిలుస్తుంది. కారుకు నిర్ణీత ధర పెట్టి ఎవరైనా కొనుక్కోవచ్చనడం, అందరికీ ఒకే గట్టి టైరు ఇవ్వడం, శక్తిని బట్టి బరువు సర్దడం, సీజన్ మధ్యలో రూల్ బుక్కు ముట్టకపోవడం, ఈ నాలుగూ కలిస్తే పింటోలు, నియాన్లు, సివిక్‌లు ఒకే బరిలో పరుగెత్తగలవు. డ్యాష్ సిరీస్‌కు లేనివి ఇవే. పైకి ఎదగాలన్న కోరిక దానికి బలంగా ఉండేది. గుమ్మంగా మిగిలిపోవడమే ఈ తరగతి పని అని గుర్తించినవాళ్లు దాన్ని నడిపి ఉంటే ఇవాళ్టికీ బతికి ఉండేది.

నార్త్ కరోలినాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాళ్లకు ఒక మాట. విన్‌స్టన్-సేలమ్‌లో బౌమన్ గ్రే స్టేడియం ఉంది. కాలేజీ జట్టు ఫుట్‌బాల్ ఆడే మైదానం చుట్టూ పావు మైలు తారు ట్రాకు. 1949 నుంచి అక్కడ నాస్కార్ వారపు పందేలు జరుగుతున్నాయి. వేసవిలో శనివారం రాత్రిళ్లు అక్కడ పెద్ద ఇంజిన్ల మాడిఫైడ్ కార్లతో పాటు ‘స్టేడియం స్టాక్’ అనే నాలుగు సిలిండర్ల తరగతి కూడా పరుగెత్తుతుంది. జనం ఎక్కువగా మాడిఫైడ్ల కోసమే వస్తారు. మీరు మాత్రం ఆ చిన్న కార్ల పందెం వదలకండి. పిల్లలను వెంట తీసుకెళ్లండి. ఏ కారు ఏ కంపెనీదో, ఏది బరువు మోస్తోందో, ఎవరు గెలిచారో చూసి, అధికారిక ఫలితం ప్రకటించేదాకా ఉండండి.